నీలం గేటు ప్రశ్న

మీటరాయన నడిచేటప్పుడు తల ఎత్తడు. ఇరవై రెండేళ్ళుగా ఇంటింటికీ తిరిగి నీళ్ళ మీటర్లు చూసి అంకెలు రాసుకునే ఉద్యోగం. మీటర్లన్నీ గేట్ల పక్కన, నేలలో, ఇనప మూతల కింద ఉంటాయి. అందుకని మా నాలుగు వీధుల్లో ఎవరి మొహం ఎలా ఉంటుందో ఆయనకు సరిగ్గా తెలియదు గాని, ఎవరి గుమ్మం ముందు ఏ రాయి కదులుతుందో, ఎవరి కుక్క వాసన చూసి వదిలేస్తుందో, ఎవరి కుక్క వదలదో మాత్రం కళ్ళు మూసుకుని చెప్పగలడు. ఒకసారి మార్కెట్లో ఎదురుపడి పలకరిస్తే కాసేపు నా వంక అయోమయంగా చూశాడు. తర్వాత చూపు కిందికి దించి, నా చెప్పులు చూడగానే "ఓ, నువ్వా" అన్నాడు.

అలాంటి మనిషి వారానికి ఒక్కరోజు, గురువారం సాయంత్రం, తల పైకెత్తేవాడు.

మా బజారు చివర టైర్ల షాపు మీద ఒక చిన్న బారుంది. మెట్లెక్కుతుంటే సగం దాకా రబ్బరు వాసన, ఆ పైన గుడ్లు వేగుతున్న వాసన. దాన్ని నడిపే ఆవిడను అందరం అక్కా అనే పిలుస్తాం. ఆవిడకంటే పదేళ్ళు పెద్దవాడైన బస్సు డ్రైవరు కూడా అక్కా అనే అంటాడు, ఆవిడ ఏమీ అనుకోనట్టే ఉంటుంది. గురువారం ఏడున్నరకు అక్కడ క్విజ్ జరుగుతుంది. ఏడెనిమిది బల్లలు, నలభై మంది జనం. ప్రతి బల్ల మీదా ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉంటుంది. క్విజ్ మొదలవగానే ఫోన్లన్నీ అందులోకి వెళ్ళి మూత పడాలి. మధ్యలో మూత తీసిన బల్లకు ఆ రోజు పల్లీలు బంద్. గెలిచిన బల్లకు పెద్ద ప్లేటు నిండా వేయించిన కోడి ముక్కలు. చిట్టచివర వచ్చిన బల్లవాళ్ళు అందరి ఎంగిలి ప్లేట్లూ వంటింట్లోకి మోసుకెళ్ళాలి. మేము ఎక్కువగా మోసేవాళ్ళమే.

ప్రశ్నలడిగేది మీటరాయన. ఖాళీ సీసాల పెట్టె ఒకటి బోర్లించి దాని మీద నిలబడేవాడు. పగలంతా బిల్లు ఎక్కువొచ్చిందని ఆయన మీద విరుచుకుపడే జనం, ఆ గంటన్నర సేపూ ఆయన నోరు తెరిస్తే చాలు చెవులు రిక్కించి కూర్చునేవాళ్ళు. ఆఫీసులో ఇన్నేళ్ళలో ఎవరూ ఆయనకు కుర్చీ చూపించలేదట. ఇక్కడ ఆయన దగ్గితే నలభై మంది తినడం ఆపేవాళ్ళు. అందుకే ఆ పెట్టె మీద ఆయన పంతాలు ఆయనకుండేవి. చెప్పిన జవాబు వెనక్కి తీసుకోవడం అనేది ఆయన చరిత్రలో లేదు. ఎవరన్నా వాదిస్తే చీటీ పైకెత్తి చూపించేవాడు. చీటీలో ఏముంటే అదే.

మొదటి మూడు రౌండ్లు అయ్యాక గుడ్లు ఒలిచే పోటీ. బల్లకొకరు ముందుకొచ్చి ఉడికించిన గుడ్డును తెల్లసొన ఎక్కడా చిట్లకుండా, పెంకు ఒక్క ముక్కగా వచ్చేలా ఒలవాలి. ఇందులో మా బల్ల మనిషిని కొట్టినవాడు లేడు. ఆయన సెలూను నడుపుతాడు, అందరం కత్తెరన్న అంటాం. ముప్పై ఏళ్ళుగా జనం చెంపల మీద కత్తి నడిపిన వేళ్ళు. ఆ గుడ్డు ఆయన చేతిలో పడితే దానంతటదే చొక్కా విప్పుకున్నట్టుండేది. ఒలిచిన గుడ్డును దీపానికెత్తి చూపించి, "ఇంట్లో కూడా నేనే ఒలవాలి. ఆవిడ ఒలిస్తే సగం పెంకుతోనే పోతుంది" అనేవాడు. కత్తెరన్న మాటల్లో ఆవిడ రాని మాట ఉండేది కాదు. తొమ్మిదింటికి ఠంచనుగా లేచి, ఉల్లిపాయ లేకుండా కట్టించుకున్న గుడ్డు టోస్టు పొట్లం పట్టుకుని వెళ్ళిపోయేవాడు. ఆవిడకి ఉల్లిపాయ పడదు. కాసేపు కూర్చోమంటే, "మీకేం బాబూ, అక్కడ నాకోసం తినకుండా కూర్చునుంటుంది" అనేవాడు. పెళ్ళాం కొంగు పట్టుకుని తిరిగేవాడని అందరం ఏడిపించేవాళ్ళం. ఏడిపిస్తుంటే ఇంకా సంబరపడేవాడు.

ఇక చివరిది, ఆరో రౌండు. దాని పేరు మన వీధుల రౌండు. జనం అసలు వచ్చేదే దానికోసం. పోస్టాఫీసుకు మెట్లెన్ని? బేకరీ గోడ గడియారం ఎన్ని నిమిషాలు వెనక నడుస్తుంది? మూడో వీధిలో ఒక తలుపుకు రెండు బెల్లు స్విచ్చులుంటాయి, ఏది మోగదు? పోస్టాఫీసులో పాతికేళ్ళు పనిచేసినాయన మెట్లు నాలుగని రాసి, ఐదని తెలిసి తల పట్టుకున్న రోజు నవ్వలేక చచ్చాం. రోజూ తొక్కే చోటును మనం చూడమన్న సంగతి మీటరాయన వారం వారం మాకు చూపించేవాడు. ఆయన చూసేవాడు మరి. చూడటమే ఆయన పని.

ఆ రౌండుకు ఆయన తనకు తానే ఒక హద్దు పెట్టుకున్నాడు. రోడ్డు మీద నిలబడితే కనపడేదే అడగాలి. గేటు లోపలి సంగతి, ఆఫీసు పుస్తకంలోని సంగతి ముట్టుకోకూడదు. పదేళ్ళు ముట్టుకోలేదు.

ఆ వారం ఆయన మోకాలు వాచింది. సగం వీధులు తోటి ఉద్యోగి చేత తిప్పించాడు. గురువారం మధ్యాహ్నానికి ఆరో రౌండుకు ఐదు ప్రశ్నలు కావాలి, చేతిలో నాలుగే ఉన్నాయి. భోజనం బల్ల దగ్గర రీడింగుల పుస్తకం తిరగేస్తుంటే ఒక వరుస దగ్గర చూపు ఆగింది. మీటరు గేటు బయటే కదా ఉండేది, అది రోడ్డు సంగతి కిందికే వస్తుంది కదా అని తనతో తను వకీలు లాగా వాదించుకుని, కేసు తనే గెలిచి, చీటీ రాసుకున్నాడు. ఈ సంగతి తర్వాత తనే నాకు చెప్పాడు, చెవులు ఎర్రగా చేసుకుని.

పెట్టె మీద నిలబడి ఆ ప్రశ్న ఎంత ముచ్చటగా అడిగాడో నాకింకా కళ్ళకు కట్టినట్టుంది.

"రెండో వీధిలో ఒక ఇల్లుంది. రోజూ రాత్రిపూట వరండాలో దీపం వెలుగుతుంది. గుమ్మం ముందు రెండు జతల చెప్పులుంటాయి. కానీ మూడు నెలల నుంచి ఆ ఇంట్లో ఒక్క చుక్క నీళ్ళు వాడలేదు. ఏ ఇల్లది?"

అందరూ ఊఊ అన్నారు. దయ్యాల కొంపా అని ఎవరో అన్నారు. మా బల్ల మీద జవాబులు రాసేవాణ్ణి నేను. ఎప్పటిలాగే కత్తెరన్న వైపు వంగి ఏం రాయమంటావని అడిగాను, ఎందుకంటే రెండో వీధి ఆయనదే. ఆయన పల్లీల ప్లేటు వంక చూస్తూ, "తెలీదు. వదిలెయ్" అన్నాడు. వీధుల రౌండులో ఖాళీ వదలమన్న మనిషి కాదు. నాకు అప్పుడన్నా వెలగాలి. వెలగలేదు. ఖాళీ వదిలి, నేను సైతం దయ్యం మీద ఒక జోకు వేశాను.

చీటీలు చదివేది అక్క. డ్రైవర్ల బల్లది తీసి, "కత్తెరన్న ఇల్లు" అని చదివింది. గది గొల్లుమంది. జవాబు తట్టనప్పుడు ఎవరో ఒకరి పేరు రాసి ఏడిపించడం మాకలవాటే. కత్తెరన్న కూడా నవ్వాడు. కానీ ఆ జవాబు రాసిన పెద్ద డ్రైవరు నవ్వలేదు. ఆయన ఉండేది ఆ ఇంటి ఎదురుగానే.

మీటరాయనకు అది ఎవరి ఇల్లో నిజంగా తెలియదు. ఆయన లెక్కలో అది రెండో వీధి, పందొమ్మిదో మూత. పుస్తకంలో ఉన్నది పాత యజమాని పేరు. పదేళ్ళ స్నేహమే గాని ఒకరి గడప ఒకరు తొక్కలేదు. మా స్నేహాలన్నీ ఆ మెట్ల మీదే మొదలై ఆ మెట్ల మీదే ఆగేవి.

"గేటేం రంగు?" అని అడిగాడు డ్రైవర్ని.

"నీలం."

"అయితే కరెక్టే" అన్నాడు మీటరాయన. ఇంత కష్టమైన ప్రశ్నకు ఒకరన్నా జవాబు రాసినందుకు మొహం వెలిగిపోతోంది. డ్రైవర్ల బల్లకు మార్కు వెయ్యమని అక్కకు చెప్పాడు.

నవ్వులు ఒక్కొక్కటే ఆగాయి. కత్తెరన్న మాత్రం ఇంకా నవ్వుతున్న మొహంతోనే, "ఆ మీటరు తిరగదు. ఎప్పుడో పాడైపోయింది" అన్నాడు.

అక్కడ ఊరుకుంటే సరిపోయేది. అవును కాబోలు అంటే గట్టెక్కేవాళ్ళం. కానీ మీటరు పాడైందంటే మీటరాయనకు తనను అన్నట్టే.

"లేదన్నా, కొత్తది. నేనే బిగించాను. నోటితో ఊదినా తిరుగుతుంది" అన్నాడు.

తన మాట తన చెవిన పడ్డాకే కాబోలు, ఎవరితో మాట్లాడుతున్నాడో ఆయనకు తెలిసొచ్చింది. చేతిలో చీటీ అలాగే ఉండిపోయింది. కత్తెరన్న డబ్బా మూత తీసి ఫోను తీసుకున్నాడు. కౌంటరు మీద కట్టి ఉన్న పొట్లం తీసుకున్నాడు. ఇంకా ఎనిమిదిన్నరే అయింది. మెట్లు దిగుతున్న చప్పుడు చివరిదాకా వినపడింది.

పెద్ద డ్రైవరు నెమ్మదిగా చెప్పాడు. రోజూ తొమ్మిదింటికి వస్తాడు, దీపం వేస్తాడు, పది నిమిషాల్లో మళ్ళీ తాళం వేసి వెళ్ళిపోతాడు. షాపులో పని ఉందేమో అనుకున్నాడట. తను సరదాకి రాయలేదని, దీపమూ చెప్పులూ అనేసరికి రాసేశాడని, రాయకుండా ఉండాల్సిందని అన్నాడు. అక్క కౌంటరు తుడిచిన చోటే తుడుస్తూ, "మూడు నెలలుగా ఆ పొట్లం కడుతున్నది నేనే కదా" అంది, తనదే ఏదో తప్పున్నట్టు. డ్రైవర్లు ఆ రోజు గెలిచారు. కోడి ముక్కలు తిన్నారు గాని, ఎముకలు లెక్క పెడుతున్నట్టు తిన్నారు.

ఇంటికి వెళ్ళి మీటరాయన ఇదంతా భార్యకు చెప్పాడు. కొంత ఊరట దొరుకుతుందనుకున్నాడు పాపం. ఆవిడ ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది, మాటలు కూడా మడత పడకుండా వస్తాయి. ఆ నీలం గేటు దగ్గర మూత మీద ఏమన్నా ఉండేదా అని అడిగిందట. పూలకుండీ ఉండేదని, ఆయన వస్తున్నాడని చూసి ఇంట్లోంచి ఒకావిడ వచ్చి జరిపి పెట్టేదని చెప్పాడు.

"మరి మూడు నెలలుగా ఎవరు జరుపుతున్నారు?"

"నేనే."

"పూలు?"

"ఎండిపోయాయి."

"మూడుసార్లు ఎండిన కుండీ నీ చేత్తో జరిపావు. ఆవిడేమైందో అని నీకు తట్టలేదు. క్విజ్ ప్రశ్న మాత్రం తట్టింది."

ఆ రాత్రి ఆయన నిద్రపోలేదు. అంత చూసే తను ఏం చూస్తున్నట్టు అన్న ఆలోచన ఆయన్ను తినేసింది. ఇక కత్తెరన్న బజార్లో తల ఎత్తుకుని తిరగగలడా, తనతో మళ్ళీ మాట్లాడతాడా అన్నదొక్కటే ఆయన లోకమైపోయింది.

ఆదివారం పొద్దున నన్ను వెంటబెట్టుకుని సెలూనుకు వెళ్ళాడు. ఒక్కడే వెళ్ళడానికి మొహం చెల్లలేదు. వాచిన మోకాలితో కుంటుకుంటూ కుర్చీ ఎక్కాడు. నేను బెంచీ మీద కూర్చుని పాత పత్రిక తెరిచి పట్టుకున్నాను, తలకిందులుగా పట్టుకున్నానని తర్వాత తెలిసింది. కత్తెరన్న షాపులో గంట కూర్చుంటే ఊరందరి సంగతులూ వచ్చేవి. ఆ రోజు రేడియో ఒక్కటే మాట్లాడింది. పరదా వెనక చుట్టి పెట్టిన పరుపు అంచు కనిపిస్తోంది. దువ్వెనల గ్లాసులో ఒక పళ్ళ బ్రష్షు ఉంది. ఇన్నాళ్ళూ అది అక్కడే ఉందేమో, నేనూ చూడలేదు.

నురుగు పట్టించాడు. కత్తి గడ్డం కిందికి వచ్చేవేళకు మీటరాయన ఇక ఆగలేక, "అన్నా" అన్నాడు.

"కదలకు" అన్నాడు కత్తెరన్న.

గొంతు మీద కత్తి ఉండగా క్షమాపణ అడగడం ఎంత కష్టమో ఆ రోజు చూశాను. తలాడించకూడదు, గుటక వేయకూడదు, కళ్ళు మాత్రం తిప్పుకోవచ్చు. ఆయన కళ్ళతోనే ఏవో చెప్పుకున్నాడు. అద్దంలో కత్తెరన్న వాటి వంక చూడలేదు. ఎక్కడా గాటు పడకుండా, ఎప్పటికంటే శుభ్రంగా గీశాడు. తువ్వాలుతో తుడిచి, దులిపి, బెంచీ వైపు తిరిగి "తర్వాతెవరు?" అన్నాడు. నాకు గీయించుకునే పని లేకపోయినా లేచి వెళ్ళి కూర్చున్నాను.

తర్వాతి గురువారం మీటరాయన పెట్టె ఎక్కలేదు. కిందే నిలబడ్డాడు. పోయిన వారం ఆరో రౌండులో మూడో ప్రశ్న తప్పని, ఆ మీటరు నిజంగానే పాడైందని, తను చూసుకోకుండా రాసుకున్నానని చెప్పాడు. ఇరవై రెండేళ్ళలో ఒక్క రీడింగు తప్పు రాయని మనిషి నలుగురిలో ఆ మాట అనడం ఎంత కష్టమో ఆయన మెడ నరాలు చూస్తే తెలుస్తోంది. డ్రైవర్ల బల్లలో ఒకడు, ఆ మార్కుతోనే గెలిచామని, తిన్న కోడిని ఇప్పుడెలా తిరిగివ్వాలని గొణిగాడు. పెద్ద డ్రైవరు మోచేత్తో పొడిస్తే ఊరుకున్నాడు.

జనం నమ్మారు. నమ్మాలని ఉండి నమ్మారు. గుండెల మీంచి బరువు దిగినట్టు అందరూ ఒక్కసారి పల్లీలడిగారు. కత్తెరన్న ఆ రోజు రాలేదు గాని, కబురు తెల్లారేసరికి సెలూనుకు చేరుతుందని అందరికీ తెలుసు. మీటరాయన నా పక్కన కూర్చుని, "ఇక నలుగురిలోకి వస్తాడు కదూ" అన్నాడు. వస్తాడన్నాను. మంచి పని చేశావని కూడా అన్నాను. ఈ కథలో నా తెలివి ఎక్కడెక్కడ వెలిగిందో గమనిస్తూనే ఉన్నారు కదా.

అబద్ధం ఆడాక దాన్ని నిజం చేయాలన్న పట్టుదల ఆయనది. శనివారం ఇంకా వెలుతురు సరిగ్గా రాకముందే నన్ను టార్చి పట్టుకోమని తీసుకెళ్ళాడు. నీలం గేటు ముందు ఎండిన కుండీ జరిపి, మూత తీసి, వాచిన మోకాలు చాపుకుని నేల మీద కూర్చుని, పానాతో మీటరు విప్పడం మొదలుపెట్టాడు. సంచీలో నిజంగా చెడిపోయిన పాత మీటరొకటి తెచ్చాడు. దాన్ని అక్కడ బిగించి, పాడైందని కాగితం రాసి, ఆఫీసుకు పంపుతాడట. పట్టుబడితే ఉద్యోగం మాటేమిటని అడిగితే టార్చి కదపొద్దన్నాడు.

వెలుతురులో రెండు పాదాలు కనిపించాయి. కత్తెరన్న. వరండా దీపం ఆర్పడానికి రోజూ ఆ వేళకే వస్తాడని మాకేం తెలుసు.

"బాగున్న మీటరు ఎందుకు విప్పుతున్నావు?" అన్నాడు.

మీటరాయన పానా కింద పెట్టాడు. లేవాలని చూశాడు, మోకాలు లేవనివ్వలేదు. కూర్చునే చెప్పాడు. నీ పరువు తీశాను, నాకు చేతనైంది చేస్తున్నాను అని.

కత్తెరన్న గేటు మెట్టు మీద కూర్చున్నాడు. కోపంగా ఉంటే బాగుండేది. అలసిపోయి ఉన్నాడు.

"ఆవిడ వెళ్ళిపోయి మూడు నెలలైంది. వాళ్ళ చెల్లెలింటికి. నేను ఎవరికీ చెప్పుకోలేదు, నువ్వు నలభై మందికి చెప్పావు. ఆ రాత్రి నిన్ను చంపేద్దామనిపించింది, నిజంగా. మర్నాడు షాపు తీశాను. ఒక్కడు కూడా ఇంట్లో ఎలా ఉన్నారని అడగలేదు. వారం రోజులు. ఎవరికీ ఏదీ కల్పించి చెప్పక్కర్లేదు. పొట్లం కట్టించుకోనక్కర్లేదు. ఎంత హాయిగా ఉందో నీకు తెలీదు. నిన్న పొద్దున నుంచి పన్నెండు మంది అడిగారు, వదిన బాగుందా అని. నువ్వు నిన్నగాక మొన్న చెప్పావు కదా, మీటరు పాడైందని. పన్నెండు మందికీ బాగుందనే చెప్పాను. మళ్ళీ మొదలుపెట్టాను."

నా చేతిలో టార్చి వెలుతురు ఎక్కడో గోడ మీద పడుతోంది, నేను చూసుకోలేదు. ఎందుకు వెళ్ళిందని మేం అడగలేదు. అడగకపోయినా ఆయనే చెప్పాడు.

"నేను షాపులో పొద్దుటినుంచీ మాట్లాడతాను. ఇంటికొచ్చేసరికి మాటలైపోయేవి. అన్నం పెట్టినా ఊ, కూర ఎలా ఉందన్నా ఊ. ఒకరోజు అడిగింది, బారులో నా గురించి అంత చెప్తావటగా, నాతో ఒక్కటి చెప్పు అని. దానికీ ఊ అన్నాను."

లేచి లోపలికి వెళ్ళి దీపం ఆర్పి, తాళం వేసి వచ్చాడు. వెళుతూ వెళుతూ, "ఆ పాతది బిగించకు. నీ ఉద్యోగం ఊడితే అదొకటి నా మెడకు చుట్టుకుంటుంది" అన్నాడు.

మీటరాయన కొత్తదాన్నే మళ్ళీ బిగించాడు. చేయాల్సిందేమిటో ఈసారి ఆయనకూ తోచలేదు, నాకూ తోచలేదు. మళ్ళీ లేచి, మొన్న చెప్పింది అబద్ధం, అంతకుముందు చెప్పిందే నిజం అని చెప్పాలా? మనిషి సంసారాన్ని పెట్టె ఎక్కి రెండుసార్లు దిద్దడం ఏమిటి? భార్యను అడిగితే, ఇక నువ్వేమీ చెయ్యకు, నీ చేతులు కట్టేసుకో అందట. నాలుగు రోజులు కట్టేసుకునే తిరిగాడు. గురువారం క్విజ్ మానేద్దామన్నాడు గాని, అక్క పొద్దున్నే ఫోను చేసి రాకపోతే ఊరుకోనంది.

మూడో గురువారం కత్తెరన్న వచ్చాడు. మా బల్ల దగ్గర తన చోట కూర్చుని ఫోను డబ్బాలో పడేశాడు. గుడ్ల పోటీకి పిలిస్తే చేయి నొప్పిగా ఉందన్నాడు. అంతదాకా బాగానే జరిగింది. నాలుగో రౌండు మొదలవబోతుండగా వెనక బల్ల నుంచి ఒక నర్సమ్మ, మంచి మనసుతోనే, వదినగారు కులాసానా అన్నా అని పలకరించింది. కొత్తగా ఈ వూరి ఆస్పత్రికి వచ్చిన పిల్ల, మొదటి గురువారం లేదు, రెండోదే విన్నది.

కత్తెరన్న గ్లాసు కింద పెట్టాడు. నేను బల్ల కింద కాలు ముడుచుకున్నాను. మీటరాయన పెట్టె పక్కన చీటీ పట్టుకుని రాయిలా నిలబడ్డాడు.

"కులాసాగానే ఉంటుందమ్మా. వాళ్ళ చెల్లెలి దగ్గరుంది. ఇక రానంది." గొంతు పెద్దది చేయలేదు గాని అందరికీ వినపడింది. "ఆ మీటరు బాగానే ఉంది. నా కోసం అబద్ధమాడాడు."

ఆ పిల్ల మొహం వాడిపోయింది. సారీ అన్నా అంది. నీ తప్పేం లేదమ్మా అన్నాడు. ఎవరి ప్లేటు వాళ్ళకు హఠాత్తుగా చూడవలసిన వస్తువైపోయింది. వంటింట్లో నూనె చిటపటలాడుతూనే ఉంది. ఎవరైనా ఏదో ఒకటి అనాలి, ఏమన్నా తప్పే అయ్యేలా ఉంది.

"ఏంటయ్యా నిలబడ్డావు, అడుగు" అన్నాడు కత్తెరన్న.

మీటరాయన చీటీ చూశాడు. మళ్ళీ చూశాడు.

"తేనెటీగకు ఎన్ని కళ్ళు?" అన్నాడు ఎలాగో.

ఇది రెండేళ్ళ కిందట అడిగిన ప్రశ్నే. కంగారులో పాత చీటీ తెచ్చేసుకున్నాడు. జవాబు గదిలో సగం మందికి తెలుసు, నాకూ తెలుసు. కత్తెరన్న నా వైపు వంగి, చాలా నమ్మకంగా, "రెండు. రాయి" అన్నాడు. నేను రెండు అని రాశాను.

అక్క చీటీలన్నీ చదివింది. మాదొక్కటే వేరు. మీటరాయన మా బల్ల వైపు చూడకుండానే తప్పని చెప్పాడు.

"తప్పా? సరిగ్గా చూశావా?" అన్నాడు కత్తెరన్న.

గది మళ్ళీ బిగుసుకుంది. మీటరాయన చెవుల దాకా ఎర్రబడ్డాడు. చీటీ పైకెత్తలేదు. ఈసారి తల ఎత్తి, కత్తెరన్న మొహంలోకి సూటిగా చూశాడు.

"చూశానన్నా. ఐదు."

"సరే అయితే, ఐదే" అని కత్తెరన్న పల్లీలు నోట్లో వేసుకున్నాడు. అవి నమలడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

ఆ రోజు ఆరో రౌండు జరగలేదు. ఇప్పటికీ జరగడం లేదు. దాని బదులు మీటరాయన లెక్కలు అడుగుతున్నాడు, ఎవరికీ నచ్చడం లేదు. అందరం ఓర్చుకుంటున్నాం.

తొమ్మిదింటికి కత్తెరన్న లేచాడు. ఉత్త చేతులతో మెట్ల దాకా వెళ్ళి, చెప్పులు వేసుకుంటూ ఒక నిమిషం ఆగాడు. ఎటు వెళతావు, షాపుకా, ఇంటికా అన్న ప్రశ్న నా నాలుక చివరిదాకా వచ్చింది. ఎదురుగా మీటరాయన నా వంకే చూస్తున్నాడు. నోరు మూసుకున్నాను. వెళ్ళొస్తానని చేయి ఊపాడు కత్తెరన్న. మేమిద్దరం కూడా ఊపాం.